మూడు గంటల టేపు

సిద్ధరాములు కాక నా దుకాణం మెట్టెక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. సందులో ఎవరూ లేరని తేల్చుకున్నాక లోపలికి వచ్చి, పక్కనున్న స్టూలు వదిలేసి నాకు సరిగ్గా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన ఎక్కడికి వెళ్లినా ఎదురుగానే కూర్చుంటాడు. పక్కన కూర్చుంటే మన మాట ఆయనకు అందదు.

“దత్తాత్రీ, పుణెల ఒక బంగారం దుకాణంల చూసిన. గోడకు కన్ను పెట్టిండ్రు. వచ్చెటోని పోయెటోని బొమ్మ టేపుల పడతది. అసొంటిది నాకు కావాలె.”

“మీ చద్దర్ల దుకాణానికా కాకా?”

“నా దుకాణానికే. జర సస్తాల కావాలె. ఎవ్వలకు తెల్వొద్దు.”

చివరి మాట గొంతు తగ్గించి అన్నాననుకున్నాడు. చెవులు సరిగా లేనివాళ్ల రహస్యం ఎదురింటికి కూడా వినబడుతుంది. అవతల పాలు పోయించుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు మా వైపు తిరిగారు. నేను లేచి తలుపు సగం మూశాను.

అది తొంభై ఆరో సంవత్సరం, ఎండాకాలం. మరాఠీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్‌లో, మా ఇంటి ముందు గదిలోనే నేను టీవీలు, వీసీఆర్‌లు బాగుచేసేవాడిని. కాక నాకు చుట్టం కాదు. కానీ మా పేటలో ఆయనను తెలియనివారు లేరు. కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు సాంచె నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అనే అంటారు. ఆయన చేతి కింద నేసిన చద్దరును మడత విప్పకుండా అంచు పట్టుకునే గుర్తుపట్టేవారు. అంచు అంత తిన్నగా ఉండేది. ఆ ఇరవై ఆరేళ్లకు ప్రతిఫలంగా కార్ఖానా ఆయన చెవులు తీసుకుంది.

రేకుల కప్పు కింద నలభై సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. గొంతు తీయకుండా పెదవులు మాత్రమే కదుపుతారు. అవతలివాడు నాలుగు సాంచెల దూరం నుంచి చూసి అర్థం చేసుకుంటాడు. తెలుగైనా, మరాఠీ అయినా ఒకటే. పెళ్లిళ్లలో పాత కార్ఖానా మనుషులు పందిట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని, పంతులు మంత్రాలు చదువుతుండగానే వియ్యపురాలి నగల గురించి నిశ్శబ్దంగా మాట్లాడుకోవడం నేనే చూశాను. కాకకు వినికిడి పోయినా బతుకు ఆగకపోవడానికి ఆ విద్యే కారణం.

కార్ఖానా మూతబడ్డాక అశోక్ చౌక్ దగ్గర ఎనిమిది అడుగుల వెడల్పు దుకాణం పెట్టి చద్దర్లు, తువ్వాళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. పొద్దున ఆయన కూర్చుంటాడు. ఒంటిగంటకు ఇంటికి వెళ్లి, తిని, కునుకు తీసి నాలుగింటికి తిరిగి వస్తాడు. ఆ మూడు గంటలు చెల్లెలు యమునాబాయి కూర్చుంటుంది. ఆమె చిన్నప్పుడు అదే కార్ఖానాలో పదేళ్లు కండెలు చుట్టింది. పెళ్లయ్యాక బీడీలు చుట్టింది. భర్త పోయాక అన్న పిలిచి గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. బీడీ ఆకు ముందు వంగి వంగి వంకర పోయిన నడుముకు ఆ స్టూలు ఎంత సుఖమో ఆమె అందరికీ చెప్పుకునేది.

“ఏమైంది కాకా? ఏం పోయింది?”

“చద్దర్లు తక్కువ పడుతున్నయి. వారానికి ఒకటి. ఒక్కోసారి రెండు. తాళం బరాబర్ ఉన్నది, రేకు బరాబర్ ఉన్నది.”

“ఎవరి మీద అనుమానం?”

ఆయన నా మూతి వైపే చూస్తూ, వినబడనట్టు ఊరుకున్నాడు. ఆయనకు మాట అందిందని నాకు తెలుసు.

దుకాణం కొలతలు చూసుకోవడానికి మర్నాడు పన్నెండున్నరకు వెళ్లాను. పెంటప్ప అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతను, కాక ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచెలు నడిపినవాళ్లు. కాక చెయ్యి ఒకసారి బెల్టులో చిక్కుకుంటే పెంటప్పే మోటారు ఆపి లాగాడు. ఇప్పుడు అతనికి సొంతంగా నాలుగు సాంచెలు, రంగు అద్దుకునే పెరడు ఉన్నాయి. కాక దుకాణంలో సగం సరుకు అతనిదే. నన్ను చూసి నవ్వాడు.

“ఏందిరో టీవీ మేస్త్రీ, మా సిద్ధడు చద్దర్లకు సినిమా చూపిస్తడా ఏంది?”

“ట్యూబ్‌లైట్ చూడమన్నాడు పెంటప్ప మామా.”

“చూడు, చూడు. వెలుగుంటే మంచిదే.” కాక వైపు తిరిగి, ఆయనకు కనబడేలా పెదవులు నిదానంగా కదిపాడు. “దోస్త్, నేను ముందే చెప్పిన. బయటి దొంగ తాళం పగలగొడ్తడు. లోపటి దొంగకు మనమే తాళం ఇచ్చి పోతం.”

సరిగ్గా అప్పుడే యమునాబాయి టిఫిన్ డబ్బా చేతబట్టుకుని మెట్టెక్కింది. ముగ్గురు మగవాళ్లం ఒక్కసారి మాట ఆపేశాం.

“ఏంది, నేను రాంగనే నోర్లు కుట్టుకున్నరు?” అంది. తల ఎత్తి చూసింది. “దత్తాత్రీ, గా ట్యూబ్‌లైట్ మంచిగనే వెలుగుతున్నది గద?”

“మినుకుమంటోంది అత్తా.”

“నీ కండ్లు మినుకుమంటున్నయేమో” అని చీర కొంగుతో స్టూలు తుడుచుకుంది. కొలత పట్టీ బయటికి తీయకుండానే వచ్చేశాను. అప్పటికి నాకు విషయం సగం అర్థమైంది. సొంత చెల్లెల్ని పట్టుకోవడానికి పరికరం అడుగుతున్నాడు. తప్పు తేలితే ఆమె తిరిగి బీడీ ఆకు ముందుకు పోవాల్సిందే. అదొక్కటే అయితే ఫరవాలేదు. అన్న దుకాణంలో దొంగతనం చేసిందన్న మాట మా పేటలో ఒకసారి బయటపడితే, ఆమె ఏ గుమ్మం ముందు నిలబడినా లోపల డబ్బాల మూతలు పడతాయి.

వద్దని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేను ఒప్పుకోకపోతే ఇంకెవరో తెచ్చి తప్పుగా బిగిస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కెమెరా సులభంగానే దొరికింది. పుణెలో పాత సామాను అమ్మేవాడి దగ్గర, నలుపు తెలుపుది, అగ్గిపెట్టెలు నాలుగు కలిపినంత. చిక్కంతా రికార్డరుతోనే. మూడు రకాలు తెచ్చి మా ముందు గదిలో వరసగా పెట్టాను.

మొదటిది బొంబాయి నుంచి వచ్చిన కొత్త డబ్బా. మీద పేరు నేనెప్పుడూ వినలేదు. అమ్మేవాడు అరగంట మాట్లాడాడు. అతను మాట్లాడుతుండగానే నేను నాలుగు మరలు తీసి మూత ఎత్తాను. లోపల పళ్ల చక్రాలన్నీ ప్లాస్టిక్. టేపును లాగే రబ్బరు గిలక అప్పుడే నిగనిగలాడుతోంది. అలా మెరిసే రబ్బరుకు పట్టు ఉండదు. అతని మాటలో ఉన్న బరువు ఆ డబ్బాలో లేదు. మూత బిగించి ఇచ్చేశాను.

రెండోది అచ్చంగా ఈ పనికే చేసింది, సెకండ్‌హ్యాండ్. ఆగి ఆగి బొమ్మ తీస్తుంది. కొన్ని సెకన్లకు ఒక్కటి. అందుకని ఒక్క టేపు రోజంతా వస్తుంది. కరెంటు పోయి వస్తే తనంతట తనే మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. టేపు మీద బొమ్మ దించే హెడ్డు కొంచెం అరిగినా ఇంకా రెండేళ్లు నడుస్తుంది. నా మనసు దాని మీదే ఉంది.

మూడోది మూతబడిన ఒక వీడియో లైబ్రరీ నుంచి తెచ్చిన మామూలు వీసీఆర్. కేబుల్ వచ్చాక అవి కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. ఇది జపాన్ సరుకు, ఉక్కు ఉక్కులాగే ఉంది. సెకన్ల ముల్లున్న గడియారాన్ని కెమెరా ముందు పెట్టి అరగంట రికార్డు చేసి చూశాను. ముల్లు ఎక్కడా తడబడలేదు. బొమ్మ ఆపితే వణకలేదు. కానీ టేపు మూడు గంటలే. కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చాక మనమే మళ్లీ నొక్కాలి.

కాక వచ్చాక చెప్పాను. “రెండోది తీసుకోండి కాకా. పొద్దుటి నుంచి రాత్రి దాకా దుకాణం మొత్తం టేపులో ఉంటుంది. ధర కూడా తక్కువకు వస్తుంది.”

“చూపెట్టు. నువ్వు దాని ముంగట నిలబడి ఏదన్న మాట్లాడు. నేను బయట నిలబడ్త.”

ఆయన బయటికి వెళ్లాడు. నేను కెమెరా ముందు నిలబడి నోటికొచ్చింది మాట్లాడాను. ఆయన లోపలికి వచ్చి టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. తెర మీద నేను ఒకసారి నోరు తెరిచి ఉన్నాను, ఒకసారి మూసి ఉన్నాను, తర్వాత చెయ్యి గాల్లో ఉంది.

“గిది పనికిరాదు. మూతి తునకలు తునకలు అయితున్నది.”

“దొంగతనానికి చెయ్యి కనబడితే చాలదా కాకా? మూతితో ఏం పని?”

“నువ్వు అవతల డబ్బ మీద తియ్యి.”

వీసీఆర్‌లో మళ్లీ తీశాను. ఈసారి ఆయన కదలకుండా చూసి, బొమ్మ పూర్తికాకుండానే చెప్పేశాడు. “మా ఇంటిదానికి పంటినొప్పి, సిద్ధరాములు కాకకు అనుమానం నొప్పి, రెండిటికి మందు లేదు. గిదే గద నువ్వన్నది?”

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం కోపగించుకోలేదు. మగ్గంలో పోగు నడపడానికి మంచి నాడె దొరికిన నేతగాడిలా ఆ డబ్బా మీద చెయ్యి వేసి నిమిరాడు.

“గిది ఇయ్యి.”

“మూడు గంటలే వస్తుంది. ఏ మూడు గంటలో మీరే చెప్పాలి.”

“ఒకటి నుంచి నాలుగు దాకా.”

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండూ కొనలేనివాడికి ఇదే చిక్కు. అందరినీ చూసే పరికరం ఒకటి, ఒక్కరినే చూసే పరికరం ఒకటి. ఆయన ఒక్కరినే చూసేదాన్ని ఎంచుకున్నాడు. దొంగ చెయ్యి ఒక్కటే కాదు, తను లేనప్పుడు చెల్లెలు ఎవరితో ఏం మాట్లాడుతుందో కూడా ఆయనకు కావాలి.

“కరెంటు పోతే?”

“పోతే మా ఇంటి పక్క సాంచెలు ఆగుతయి. మంచం అదురుడు ఆగంగనే నాకు మెలకువ వస్తది. నేనే వచ్చి నొక్కుత.”

ఆదివారం దుకాణం మూసి ఉండగా బిగించాను. రికార్డరు అటక మీద. కెమెరా పై అరలో, ఖాళీ చద్దర్ల అట్టపెట్టెలో, రూపాయి బిళ్లంత రంధ్రం వెనక. ప్రతిరోజూ ఒంటిగంటకు ఆయన పాత లెడ్జరు తీసే నెపంతో నిచ్చెన ఎక్కి నొక్కి వెళ్లాలి. పొద్దున ఆరింటికి టేపు తెచ్చి మా ఇంట్లో చూడాలి. మాటలు లేనిచోట గబగబా తిప్పేస్తాను, ఎవరైనా వస్తే మామూలు వేగానికి తెస్తాను.

మొదటి రోజు టేపులో యమునాబాయి తువ్వాళ్లు దులిపింది, పప్పు ఏరుకుంది, ఒక ముసలాయనకు రెండు తువ్వాళ్లు అమ్మింది. ఆ ముసలాయన ఏదో అడిగాడు. ఆమె నవ్వుతూ ఏదో చెప్పింది. కాక ముఖం ముడుచుకుంది.

“ఏమన్నది కాకా?”

“మా అన్న బేరానికి కూసుంటే బండరాయి కూడ లేచి పోతదట.”

నవ్వు ఆపుకోవడానికి నేను టేపు తిప్పే మీట మీదికి వంగాల్సివచ్చింది.

రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు, రెండున్నర ప్రాంతంలో, ఒక బీడీల ఆమె వచ్చింది. చంకలో పాత గుడ్డ మూట. యమునాబాయి వీధిలోకి అటూ ఇటూ చూసింది. తర్వాత కెమెరాకు వీపు పెట్టి నిలబడింది. మూట చేతులు మారింది. ఆమె అరలోంచి కొత్త జోడు చద్దరు తీసి, పాత కాగితంలో చుట్టి ఆ వచ్చినామె చేతిలో పెట్టింది. గల్లా తెరవలేదు. డబ్బు ఎక్కడా కనబడలేదు. వచ్చినామె ముఖం మాత్రం మా వైపే ఉంది. ఆమె పెదవులు కదిలాయి.

కాక తెర మీదికి వంగాడు. “ఎవ్వలకు చెప్ప అక్కా, అంటున్నది.”

నేను టేపు ఆపాను. ఇంతకంటే స్పష్టంగా ఏ టేపు ఏం చూపిస్తుంది?

“ఇయ్యాల్నే తాళంచెవి గుంజుకుంట” అని లేచాడు. “నా అన్నం తిని, నా స్టూలు మీద కూసోని!”

“కాకా, కూర్చోండి. మూటలో ఏముందో మనకు తెలియదు. అత్త ఏమన్నదో కూడా తెలియదు, వీపు మాత్రమే కనబడింది. కెమెరా పెట్టిన చోటు తప్పు. అది నా తప్పు. ఎదురు అరలో పెడితే ఇద్దరి ముఖాలూ పడతాయి. ఇంకొక్క రోజు ఆగండి.”

పనిలో లోపం ఉందంటే ఆయన ఆగుతాడని నాకు తెలుసు. సగం నేసిన చద్దరును చూసి తీర్పు చెప్పేవాడిని ఆయన ఎన్నడూ లెక్కచేయలేదు. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ పొద్దున్నే వెళ్లి పెట్టెను ఎదురు అరలోకి మార్చాను.

మర్నాడు పొద్దున టేపు మొదలవగానే యమునాబాయి తెర మీద ఉంది. అన్న మెట్టు దిగి వెళ్లేవరకు చూసింది. తర్వాత తిన్నగా పెట్టె వైపు తిరిగింది. స్టూలు జరుపుకుని, కెమెరాకు రెండు అడుగుల దూరంలో కూర్చుంది. చీర కొంగు సర్దుకుంది. ఆ తర్వాత పెదవులు కదపడం మొదలుపెట్టింది. మామూలుగా మాట్లాడేవాళ్ల తీరు కాదు అది. ఒక్కో మాట పెద్దగా, విడివిడిగా, కండెలు చుట్టే రోజుల్లో నాలుగు సాంచెల అవతలికి చెప్పినట్టు.

నాకు ఆ విద్య రాదు. తెర మీద ఒక నడివయసు ఆడమనిషి చప్పుడు లేకుండా నోరు ఆడిస్తోంది, అంతే. మధ్యలో వంగి ఒక చద్దరు తీసి కొంగు పక్కన పెట్టి చూపించింది. ఆ నలుపు తెలుపు బొమ్మలో రెండూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. ఆమె చూపించాలనుకున్నది పట్టుకోవడం నా కెమెరాకు చేతకాలేదు. చివరికి తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

కాక మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. మూడోసారి అయ్యాక తెర వైపు చూస్తూనే, ఆమె అన్నది అన్నట్టుగా నాకు చెప్పాడు.

“అన్నా, పోయేటప్పుడు రోజు గా పెట్టె దిక్కు దొంగ చూపు చూస్తివి. ఇయ్యాల పెట్టె జాగ మారింది, నీ చూపు కూడ మారింది. దాంట్ల కన్నున్నదని గప్పుడే తెలిసింది. నేను తీసిన చద్దర్లు పదకొండు. అన్ని పెంటప్పయే. గిదో, ఎర్రంచు రంగు నా కొంగుకు ఎట్ల అంటిందో చూడు, గట్ల పోతున్నదని జనం వాపస్ తెస్తున్నరు. నువ్వున్నప్పుడు తెస్తే కొట్టినంత పని చేస్తవని నేనున్నప్పుడు తెస్తున్నరు. వేరేటియి ఇచ్చి పంపిన. చెడిపోయినయి మా ఇంట్ల మంచం కింద ఉన్నయి. మొన్న హోలీకే నీకు చెప్పబోతే, పెంటప్ప పేరెత్తొద్దని నీళ్ల గ్లాసు ఇసిరికొట్టినవ్. ఇగ రేపటి నుంచి రాను.”

చెప్పడం పూర్తయ్యాక ఆయన ముఖం మెత్తబడుతుందని ఎదురుచూశాను. అలా జరగలేదు. “అబద్ధం కావచ్చు” అన్నాడు. “కన్ను ఉన్నదని తెలిసి చెప్పిన మాట.”

అనుమానం అలాంటిదే. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు నుంచి వస్తుంది.

ఇద్దరం ఆమె ఇంటికి నడిచి వెళ్లాం. గుమ్మంలో కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. మూడేళ్ల తర్వాత మళ్లీ కత్తెర పట్టింది. తల ఎత్తలేదు.

“వచ్చినవా? టేపు మంచిగ పడ్డదా దత్తాత్రీ? నా మూతి సక్కగ వచ్చిందా?”

నేను తల దించుకున్నాను. ఆమె మంచం కింది నుంచి ఒక్కో చద్దరు లాగి ముందు పడేసింది. తెల్ల పువ్వులన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఎర్ర అంచు వెలసి చారలు చారలుగా ఉంది.

“బుద్ధిలేనోళ్లు ఉడుకునీళ్లల ముంచితే ఏ రంగన్న పోతది” అన్నాడు కాక.

“గట్లనా? పో. నీ దుకాణంల నించి కొత్తది, మడత ఇప్పనిది, నీ చేతులతోని తే.”

ఆయన వెళ్లి తెచ్చాడు. ఆమె చెంబెడు చల్లనీళ్లు తీసుకుంది. కొత్త చద్దరు అంచు మీద పొయ్యబోతుంటే ఆయన చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అమ్మకానికున్న బట్టకు నీళ్లు తగలనివ్వరు మావాళ్లు. గంజి పోతుంది, కొత్తదనం పోతుంది, అమ్మే చేతికి మంచిది కాదంటారు. కాక పదేళ్లుగా సరుకు కొంటున్నాడు. పోగులు లెక్కపెట్టేవాడు, అంచు లాగి చూసేవాడు, అరచేతిలో బరువు తూచేవాడు. ఒక్కదానికి కూడా నీళ్లు చూపించలేదు. నేత తెలిసినవాడు చెయ్యగల తప్పు అదొక్కటే.

“ఇడువు” అంది ఆమె. ఆయన వదిలాడు. తడి అంచు తీసుకుని ఆయన తెల్ల ధోతి మోకాలి మీదే గట్టిగా రుద్దింది. కుంకుమ చేత్తో అద్దినట్టు ఎర్రగా అంటుకుంది.

ఆయన ఆ మరక వైపు చాలాసేపు చూశాడు. వేలితో గీకి చూశాడు. పదకొండు చద్దర్లనూ కొత్తదానితో కలిపి మూట కట్టి భుజాన వేసుకుని పెంటప్ప పెరటికి నడిచాడు. వెనకాలే నేనూ వెళ్లాను, గొడవైతే పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలి కదా అని.

పెంటప్ప చూడగానే ఎదురొచ్చాడు. “రా రా దోస్త్! ధోతికి ఏం రంగు, హోలీ మల్ల వచ్చిందా?”

కాక మూట విప్పి నేల మీద పరిచాడు. పెంటప్ప ముఖం ఒక్క రెప్పపాటు మారింది. వెంటనే సర్దుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. రంగు అమ్మినవాడు మోసం చేశాడన్నాడు. నీళ్లలో ఉప్పెక్కువన్నాడు. కూలీ సరిగా ఉడకబెట్టలేదన్నాడు. మధ్యలో, “బెల్టుల నీ చెయ్యి పోతుంటే గుంజింది ఎవలు సిద్ధా?” అని కూడా అడిగాడు.

కాక అప్పుడు ఒక పని చేశాడు. అతని ముఖం మీది నుంచి చూపు తీసి, పరిచిన చద్దర్ల మీద పెట్టాడు. మళ్లీ పైకెత్తలేదు. ఆయనకు చెవులు మూసుకోవాలంటే అదే పద్ధతి. పెంటప్ప ఇటు తిరిగి, అటు తిరిగి, వంగి కూడా చూశాడు, తన మూతి ఆయన కంట పడేలా. కాక గులాబీ రంగుకు మారిన పువ్వులనే చూస్తూ నిలబడ్డాడు. చివరికి పెంటప్ప మాటలు వాటంతట అవే తగ్గిపోయాయి.

“మాట చాలు” అన్నాడు కాక. “నీళ్లల ముంచి రంగు పోనియి ఉంటే పంపు. లేకుంటే పంపకు.” తిరిగి వచ్చేశాడు. ఆ వారంలోనే పెంటప్ప సరుకంతా అరల్లోంచి దిగి వెనక్కి వెళ్లిపోయింది.

యమునాబాయి మాత్రం రాలేదు. ఒకటి నుంచి నాలుగు దాకా దుకాణం మూసే ఉండేది. ఐదో రోజున కాక వెళ్లి పిలిచాడు. రానంది. ఏడో రోజున నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాడు. మరక పోని ఆ ధోతే కట్టుకున్నాడు.

“తప్పయింది” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు చాలాసేపు పట్టింది.

“తప్పు నువ్వు చేసినవ్, ఆకు నేను కత్తిరిస్తున్న” అంది ఆమె. కత్తెర ఆగలేదు. “వస్త. గని ఒక మాట.”

“డబ్బ పీకించిన. దత్తాత్రికి వాపస్ ఇచ్చిన.”

“డబ్బ కాదు. డబ్బను ఎప్పుడన్న మల్ల తెచ్చుకుంటవ్. నేను గిరాకితో మాట్లాడుతుంటే నువ్వు నా మూతి చూడొద్దు. దుకాణంల ఉన్నా సరే, లేకున్నా సరే. నీకు చెప్పాల్సింది ఉంటే నీ దిక్కు తిరిగి నేనే చెప్త. చెప్పనిది నీకు అక్కర్లేనిది.”

“చెవుల్లేనోన్ని యమునా. చూడకుంటే నాకు దునియా ఎట్ల తెలుస్తది?”

“అందర్ని చూడు. నన్ను చూడకు.”

ఆయన నా వైపు చూశాడు, ఏదైనా సాయం చేస్తానేమోనని. నేను రికార్డర్ల గురించే చెప్పగలను. చివరికి ఆయనే తల ఊపాడు.

మర్నాడు ఒంటిగంటకు ఆమె వచ్చింది. స్టూలును అన్న కూర్చునే గద్దెకు వీపు వచ్చేలా తిప్పుకుని కూర్చుంది. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లలేదు. చెడిపోయిన చద్దర్లు ఎవరైనా తెస్తే తన చేత్తోనే మార్చి ఇవ్వాలని అక్కడే ఉండిపోయాడు. మూడింటికి నేను చౌక్ మీదుగా పోతుంటే, ముగ్గురు ఆడవాళ్లు బల్ల ముందు నిలబడి యమునాబాయితో ఏదో అంటూ పగలబడి నవ్వుతున్నారు. ఆయన గురించే కావచ్చు, కాకపోవచ్చు. కాక గద్దె మీద బిగుసుకుని కూర్చుని, మెడ రోడ్డు వైపు తిప్పుకుని, పోయే వచ్చే రిక్షాలను చూస్తున్నాడు. అంత కష్టమైన పని ఇరవై ఆరేళ్ల కార్ఖానాలో కూడా ఆయన చేసి ఉండడు.